ఏ ఇయర్ బండో అడగని మెకానిక్

విజయవాడ ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్ట్స్ కౌంటర్ దగ్గరికెళ్లి క్లచ్ ప్లేట్ కావాలన్నా అవతలివాడు ముందు చెయ్యి కదపడు, ఏ బండి, ఏ ఇయర్ మోడల్ అనడుగుతాడు, తెలీదంటే పాత ముక్క ఊడదీసి పట్టుకురమ్మంటాడు. ఆ ప్రశ్న అడక్కుండా ప్లేట్ చేతిలో పెట్టేవాడి దగ్గర రెండోసారి ఎవరూ కొనరు. సాఫ్ట్‌వేర్ పనికి వాడుతున్న ఏఐ అసిస్టెంట్లతో వస్తున్న గొడవ దాదాపు అంతా ఇక్కడే ఉంది. తెలివికేం లోటు లేదు, ఏ ఇయర్ బండో మాత్రం అడగవు. అడక్కుండానే ప్లేట్ ఇచ్చేస్తాయి, అదీ ఎంత ధీమాగా ఇస్తాయంటే తీసుకున్నవాడికి బిగించేదాకా అనుమానమే రాదు.

కోడ్ రాయించుకోవడం సంగతి వేరు. కోడ్ తప్పైతే రన్ చేసిన నిమిషంలో ఎర్రర్ కొట్టుద్ది, తిట్టుకుని మళ్లీ రాయించుకోవచ్చు. రీసెర్చ్ అలా కాదు. ఈ లైబ్రరీ వాడాలా ఆ లైబ్రరీయా, ఈ డేటాబేస్ కొత్త వెర్షన్‌కి మారితే ఏమేం దెబ్బతింటాయి, ఈ లైసెన్స్‌తో కస్టమర్‌కి అమ్మొచ్చా లేదా, ఫలానా సెక్యూరిటీ హోల్ మనకి తగులుద్దా, ఇలాంటివాటికి వచ్చిన జవాబు తప్పైతే ఆరు నెలల తర్వాత తెలుస్తుంది, అప్పటికి ఆ నిర్ణయం మీద రెండంతస్తులు కట్టేసి ఉంటారు. అందుకే కోడింగ్‌కి సరిపోయిన సెటప్ రీసెర్చ్‌కి సరిపోదు, దానికి వేరే ఏర్పాటు కావాలి, ఆ ఏర్పాటులో మోడల్ ఎంపిక అనేది జనం అనుకున్నంత పెద్ద విషయం కాదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. గుంటూరు బ్రాడీపేటలో నలుగురైదుగురు కుర్రాళ్లుండే చిన్న ఆఫీసు ఉందనుకోండి, మిర్చి యార్డులో కమీషన్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తారు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, అందులో తేజా రకం ఎన్ని, 334 రకం ఎన్ని, తాలు ఎంత తీశారు, ఏ రేటుకి పోయింది, హమాలీ కమీషన్ పోను చేతికెంత, ఇదంతా. ఎప్పుడో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, వెనకాల డేటా దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. ఆ 5.7కి సపోర్ట్ 2023 అక్టోబర్‌తో అయిపోయింది కాబట్టి ఇవాళో రేపో 8.0కి మారాలి. మారితే ఏమవుద్ది అని ఏ చాట్‌బాట్‌నైనా అడిగితే పది పాయింట్లు వస్తాయి: బ్యాకప్ తీసుకోండి, ముందు టెస్ట్ సర్వర్ మీద చూడండి, క్యారెక్టర్ సెట్ డిఫాల్ట్ మారుతుంది, కంపాటిబిలిటీ చెక్ చేసుకోండి. అన్నీ నిజాలే, ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఊరెళ్లేవాడికి జాగ్రత్తగా వెళ్లిరా నాయనా అని చెప్పినట్టు.

ఆ ఆఫీసుకి నిజంగా తగిలే దెబ్బలు వేరే ఉన్నాయి. డేటాబేస్‌ని అడిగే ప్రశ్నని క్వెరీ అంటారు. 5.7 దాకా అందులో గ్రూప్ బై (రకాల వారీగా కలిపి లెక్కకట్టు అని) రాస్తే చాలాసార్లు అదే వరసలో పేర్చి ఇచ్చేది, ఆర్డర్ బై (ఈ వరసలో పేర్చు అని) రాయకపోయినా. 8.0లో ఆ అలవాటు తీసేశారు. రకాల వారీ టోటల్స్ రిపోర్ట్ ఇన్నేళ్లూ ఒకే వరసలో వస్తోంది, షాపు గుమాస్తా పైనుంచి కిందకి చూసుకుంటూ పెద్ద పుస్తకంలో ఎక్కించుకుంటున్నాడు, మారిన మర్నాడు టోటల్స్ అన్నీ కరెక్టే కానీ వరస మారిపోయింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. తేజా అంకె తాలు గళ్లోకి వెళ్లాక గానీ తెలీదు. ఇంకోటి, సరుకు క్వాలిటీ కోసం టేబుల్‌లో ర్యాంక్ అనే కాలమ్ పెట్టుకున్నారనుకుందాం. 8.0లో ర్యాంక్ రిజర్వుడు పదం, అంటే డేటాబేస్ తన సొంతానికి ఉంచుకున్న మాట అయిపోయింది, బ్యాక్‌టిక్స్ (` గుర్తులు) మధ్యలో పెట్టకుండా రాస్తే 1064 ఎర్రర్. ఇందులో తమాషా ఏంటంటే, టేబుల్ పేరు చుక్క ర్యాంక్ అని రాసిన క్వెరీలు మాత్రం బాగానే నడుస్తాయి, ఎందుకంటే చుక్క తర్వాత వచ్చేది ఎలాగూ పేరే అయ్యుండాలని దానికి తెలుసు. అంటే సగం స్క్రీన్లు పనిచేస్తాయి సగం పనిచెయ్యవు, టెస్టింగ్‌లో పనిచేసే సగమే చూశారా, అయిపోయినట్టే. మూడోది లాగిన్ పద్ధతి, 8.0లో కొత్తగా క్రియేట్ చేసే యూజర్‌కి పాస్‌వర్డ్ సరిచూసే ప్లగిన్ డిఫాల్ట్‌గా వేరేది వస్తుంది, పాత పీహెచ్‌పీకి అది అర్థం కాదు, కానీ ముందునుంచీ ఉన్న యూజర్లు వాళ్ల పాత పద్ధతిలోనే ఉంటారు. కాబట్టి అప్‌గ్రేడ్ రోజు అంతా సవ్యంగా ఉండి, ఎప్పుడో కొత్త షాపుకి యూజర్ తెరిచిన రోజు కనెక్షన్ ఫెయిల్ అవుద్ది.

ఈ మూడూ మాన్యువల్‌లో రాసే ఉన్నాయి. మోడల్‌కి తెలియనివి కూడా కావు, నేరుగా గ్రూప్ బై సంగతి అడిగితే ఠక్కున చెప్పేస్తుంది. మరి మొదటిసారి ఎందుకు చెప్పలేదంటే, ఆ ఆఫీసు క్వెరీలు దాని కళ్ల ముందు లేవు, దానికి వచ్చింది ఒక్క లైను ప్రశ్న. లోకంలో ఎక్కువమంది ఎక్కువసార్లు రాసిన మాటలే ముందుకొస్తాయి, ఎందుకంటే మోడల్ చేసే పనే అది, ఇప్పటిదాకా ఉన్న మాటల తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసి పేర్చుకుంటూ పోవడం. పాత వెర్షన్ గురించి ఏళ్లతరబడి రాసిన ప్రశ్నలూ జవాబులూ కొండంత ఉంటాయి, కొత్త వెర్షన్ గురించి గుప్పెడు, పైగా రాసినవాళ్లలో చాలామంది ఏ వెర్షనో రాయరు. పైథాన్‌లో టేబుల్ డేటాతో పనిచేసే పాండాస్ లైబ్రరీ వాడేవాళ్లకి ఇది బాగా తెలుసు. అందులో డేటాఫ్రేమ్‌కి, అంటే టేబుల్‌కి, కొత్త రో తగిలించే అపెండ్ కమాండ్‌ని 2022 జనవరిలో 1.4 వెర్షన్ వచ్చినప్పుడే వద్దన్నారు, 2023 ఏప్రిల్‌లో 2.0తో పూర్తిగా తీసేశారు, అయినా వెర్షన్ చెప్పకుండా అడిగితే అపెండ్ రాసిచ్చే మోడళ్లు చాలాకాలం కనిపించాయి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్ల సొంత పైథాన్ లైబ్రరీయే 2023 నవంబర్‌లో 1.0 అయ్యేసరికి పిలిచే పద్ధతి మొత్తం మారింది, అంతకుముందు ట్రెయినైన మోడళ్లు సొంతింటి లైబ్రరీని కూడా పాత పద్ధతిలోనే పిలిచేవి. దీపం కిందే చీకటి.

వెర్షన్ ఒక్కటే కాదు, తారీఖు కూడా. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే జావా లైబ్రరీలో సెక్యూరిటీ హోల్ బయటపడ్డ గొడవ గుర్తుండే ఉంటుంది, జావా వాడే ప్రతి ఆఫీసూ రాత్రుళ్లు మేలుకుంది. మొదట 2.15.0కి మారితే సరిపోతుందన్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే అది సరిపోదని 2.16.0 వదిలారు, అదే వారంలో 2.17.0, నెలాఖరుకి 2.17.1. మొదటి రోజుల్లో రాసిన ఆర్టికల్ ఏదీ అబద్ధం కాదు, రాసినరోజుకి కరెక్టే. కానీ అసిస్టెంట్ ఆ రోజుల పేజీ తెచ్చి 2.15.0 చాలు అంటే, సోర్స్ చూపించినా సరే జవాబు తప్పు. లింక్ ఇచ్చింది కదా అని నమ్మేవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ (ఫైళ్లు కుదించే లైబ్రరీలో పెట్టిన దొంగ దారి) ఇంకా మంచి ఉదాహరణ, 5.6.0, 5.6.1 అనే రెండు వెర్షన్లలో దొంగ కోడ్ దూర్చారు, అంతకుముందు రోజు దాకా సేకరించిన టెక్స్ట్‌తో ట్రెయినైన మోడల్‌ని అడిగితే ఎక్స్‌జెడ్ అంటే ఏళ్లుగా అందరూ వాడే నమ్మకమైన లైబ్రరీ అనే చెప్తుంది, పాపం దాని తప్పేం లేదు.

ఇక సెటప్ సంగతికొస్తే, మొదట వచ్చే ప్రశ్న మన మెషిన్ మీద నడపాలా, నెట్‌లో ఉన్న పెద్ద మోడల్‌ని వాడుకోవాలా. లెక్క సింపుల్. 700 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకున్నదాన్ని దాచుకునే అంకెల) మోడల్‌ని ఒక్కో పారామీటర్‌కి 2 బైట్ల చొప్పున లోడ్ చేస్తే 14 జీబీ. అదే 4 బిట్‌లకి కుదిస్తే నాలుగైదు జీబీలో సర్దుకుంటుంది, అంటే 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. 7,000 కోట్ల పారామీటర్లయితే కుదించినా 35 జీబీ పైనే, అది మామూలు ఆఫీసులో కుదిరే పని కాదు. 2023 మార్చిలో లామా.సీపీపీ అనే ప్రోగ్రామ్ వచ్చాక గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా కూడా నడపడం చేతికందింది, ఓలామా లాంటివి దాన్ని ఇంకా తేలిక చేశాయి, ఇన్‌స్టాల్ చేస్తే 11434 పోర్ట్ మీద కూర్చుని జవాబులిస్తుంది. ఉచితం, నెట్ అక్కర్లేదు. కాకపోతే మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఫ్యాన్ కింద ల్యాప్‌టాప్ మీద ఇది నడిపితే ఆమ్లెట్ వేసుకోవచ్చు, అదొకటి చూసుకోవాలి.

సరదాకన్నా అసలు విషయం ఏంటంటే, ఈ చిన్న మోడళ్లు ఇచ్చిన కాగితం చదివి చెప్పడానికి పర్లేదు, నాలుగు కాగితాలు కలిపి ఆలోచించి తేల్చడానికి చాలవు. రీసెర్చ్‌కి పెద్ద మోడలే నయం. కానీ బయటికి ఏం పంపుతున్నామో చూసుకోవాలి. కమీషన్ షాపు డేటాబేస్‌లో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంక్ అకౌంట్లు, ఎవరికెంత అప్పిచ్చారో కూడా ఉంటుంది. ఎర్రర్ వచ్చింది కదా అని డేటాబేస్ డంప్ మొత్తం తెచ్చి చాట్ డబ్బాలో పేస్ట్ చేసేవాళ్లున్నారు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టమే వచ్చింది, చట్టం సంగతి పక్కన పెట్టినా షాపు యజమానికి తెలిస్తే ఆ కాంట్రాక్ట్ ఆరోజుతో సరి. టేబుళ్ల నిర్మాణం, క్వెరీలు పంపితే చాలు, అందులో రైతు ఒక్కడు కూడా ఉండడు. అసలు డేటా చూడాల్సిన పని పడితే అప్పుడు లోకల్ మోడల్ ఉంది కదా.

దీని తర్వాతది అన్నిటికన్నా పెద్ద పని, జనం అన్నిటికన్నా తక్కువ టైం పెట్టేది కూడా ఇదే: దానికి ఏం కాగితాలు అందించాలి. 2020లో ఫేస్‌బుక్ రీసెర్చర్లు రాగ్ అని ఒక పద్ధతి పేపర్ రాశారు, ప్రశ్న రాగానే ముందు సంబంధించిన ముక్కలు వెతికి తెచ్చి మోడల్ ముందు పెట్టి, వాటిని చూసి చెప్పించడం. ఇప్పుడు అందరూ వాడేది ఏదో రూపంలో అదే. ఆఫీసు ఫోల్డర్‌లో 5.7 మాన్యువల్, 8.0 మాన్యువల్, రిలీజ్ నోట్స్ అన్నీ, సొంత కోడ్, టేబుళ్ల నిర్మాణం పెట్టేసి, వాటిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని అంకెల వరసగా మార్చి, ప్రశ్నకి అర్థంలో దగ్గరగా ఉన్న ముక్కలు తెమ్మనడం. వినడానికి బాగానే ఉంది. చిక్కెక్కడంటే, 5.7 మాన్యువల్‌లో గ్రూప్ బై పేజీ, 8.0 మాన్యువల్‌లో గ్రూప్ బై పేజీ తొంభై శాతం కవలపిల్లలు. అర్థం ప్రకారం వెతికే పద్ధతికి రెండిటికీ తేడా కనపడదు. ఆ తేడా ఉన్న ఒక్క వాక్యమే మనకి కావాల్సింది, అదేమో ముక్కలు చేసేటప్పుడు ఏ మూలకి పోయిందో తెలీదు. చివరికి 8.0 గురించి అడిగితే 5.7 పేజీ చదివి చెప్పుద్ది, అదీ సోర్స్‌తో సహా.

దీనికి మందు చాలా పాతది, చీటీ అంటించడం. యార్డులో ప్రతి లాటుకీ చీటీ ఉన్నట్టు ప్రతి ముక్కకీ ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ ఫైల్, ఏ హెడ్డింగ్ కింద, ఏ తారీఖు అని రాసిపెట్టి, వెతికేముందే వెర్షన్‌తో వడకట్టాలి. అప్పుడు 8.0 ప్రశ్నకి 5.7 ముక్క లోపలికే రాదు. ముక్కలు కూడా ఇన్ని అక్షరాలకొకటి అని కత్తిరించకుండా హెడ్డింగ్ ప్రకారం కొయ్యాలి, లేకపోతే వార్నింగ్ ఒక ముక్కలో, అది దేని గురించో ఇంకో ముక్కలో పడతాయి. పీడీఎఫ్‌ల కంటే హెచ్‌టీఎంఎల్, మార్క్‌డౌన్ నయం, పీడీఎఫ్ నుంచి తీసిన టేబుళ్లు పప్పూ చారూ కలిపేసినట్టు వస్తాయి.

ఎర్రర్ నంబర్ల దగ్గర ఈ అర్థం ప్రకారం వెతుకులాట మరీ ఘోరం. 1054 అంటే అలాంటి కాలమ్ లేదని, 1055 అంటే గ్రూప్ బైలో లేని కాలమ్ అడిగావని, రెండూ వేరే వేరే జబ్బులు, కానీ అంకెల్లో పక్కపక్క ఇళ్లు కాబట్టి దీనికి ఒకటే అన్నట్టుంటాయి. ఇక్కడ పాతకాలపు పదం పదం వెతికే పద్ధతే కావాలి. ఎస్‌క్యూలైట్ అనే ఉచిత చిన్న డేటాబేస్‌లో ఎఫ్‌టీఎస్5 అని వెతికే భాగం ఉంది, ఏ ముక్కలో మన పదాలు ఎంత బాగా కలిశాయో తూచే బీఎమ్25 లెక్కతో వెతికిపెడుతుంది, అదనంగా కొనాల్సింది ఏమీ లేదు. రెండు పద్ధతులూ కలిపి వాడితే మంచిది, ఒకటే చాలంటే చిన్న ఆఫీసుకి ఈ రెండోదే చాలు. ఆ అంకెల వరసలు దాచే వెక్టర్ డేటాబేస్ పెట్టుకున్నాం అని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, రెండు మాన్యువళ్లు ఒక కోడ్ ఫోల్డర్ ఉన్నచోట దాని అవసరం పెద్దగా పడదు. అలాగే లెక్కపెట్టే ప్రశ్నలు అసలు మోడల్‌ని అడక్కూడదు. మన కోడ్‌లో ఆర్డర్ బై లేని గ్రూప్ బైలు ఎన్ని అంటే 37 అని చెప్తుంది, ఆ 37 కాకిలెక్కే. దాంతో ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ కమాండ్ రాయించుకుని, రన్ చేసి, వచ్చిన లిస్ట్ దానికి చూపించాలి.

ఇంత కష్టం ఎందుకు, ఇప్పుడు లక్షల టోకెన్లు (మోడల్ చదివే మాట ముక్కలు) పట్టే మోడళ్లు వచ్చాయి కదా, మాన్యువల్ మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే పోలా అనే వాదన ఉంది. కొంతవరకు నిజమే. కానీ 2023లో వచ్చిన ఒక పరిశోధన పొడుగాటి టెక్స్ట్ ఇచ్చినప్పుడు మోడళ్లు మొదట్లో, చివర్లో ఉన్నది బాగా పట్టుకుని మధ్యలో ఉన్నది వదిలేస్తున్నాయని చూపించింది, ఆ తర్వాత మోడళ్లు మెరుగుపడ్డా జబ్బు పూర్తిగా పోలేదు. పైగా అడిగిన ప్రతిసారీ అంత టెక్స్ట్‌కీ డబ్బులు కట్టాలి. ఎగ్జామ్ హాల్లోకి లైబ్రరీ మొత్తం మోసుకెళ్లినా రాసే టైం మూడు గంటలే.

తెలుగులో అడగొచ్చా అనేది మన దగ్గర తప్పకుండా వచ్చే ప్రశ్న. అడగొచ్చు, జవాబు కూడా ఈమధ్య బాగానే ఇస్తున్నాయి. ఖర్చు మాత్రం ఎక్కువ. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి ఒక్కోదానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు పడుతుంది, గుణింతం గుర్తు వేరే అక్షరం కింద లెక్క, పొల్లు వేరే. మిర్చి అని తెలుగులో రాస్తే మ, గుడి, ర, పొల్లు, చ, గుడి, మొత్తం 6, అంటే 18 బైట్లు. ఇంగ్లీష్ అక్షరాల్లో అదే మాట 6 బైట్లు. టోకెన్లు కూడా ఇంచుమించు ఆ దారిలోనే పెరుగుతాయి. అయినా అసలు ఇబ్బంది ఖర్చు కాదు, మాన్యువల్ ఇంగ్లీష్‌లో ఉంటే ప్రశ్న తెలుగులో ఉంటే పదం పదం వెతికే పద్ధతికి ఒక్క ముక్కా దొరకదు. వరస తప్పుతోంది అని అడిగితే మాన్యువల్‌లో వరస అనే మాటే లేదు కదా. అందుకే మధ్యలో ఒక మెట్టు పెట్టాలి, తెలుగు ప్రశ్న తీసుకుని ముందు ఇంగ్లీష్ వెతుకుడు పదాలు తయారు చెయ్యమని, వాటితో వెతికి, జవాబు తెలుగులో చెప్పమని, మాన్యువల్ వాక్యాన్ని మాత్రం అనువాదం చెయ్యకుండా ఉన్నదున్నట్టు పెట్టమని. అనువాదం చేస్తే ఇంగ్లీష్‌లోని ఒక మే (may), ఒక మస్ట్ (must) ఎక్కడో జారిపోతాయి, మారవచ్చు అన్నది మారుతుంది అయిపోద్ది. షాపు యజమానికి వాట్సాప్‌లో పంపడానికి తెలుగు, డెవలపర్‌కి అసలు వాక్యం.

సూచనల పేజీ, అదే సిస్టమ్ ప్రాంప్ట్, దీని మీద లోకంలో చాలా మంత్రతంత్రాలు నడుస్తున్నాయి, నువ్వు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఎక్స్‌పర్ట్‌వి అని మొదలుపెట్టేవి. కిరీటం పెట్టినంత మాత్రాన రాజు కాడు. పనికొచ్చే సూచనలు చాలా చప్పగా ఉంటాయి. ఇలా: “మేం వాడేది మైఎస్‌క్యూఎల్ 5.7, మారాలనుకున్నది 8.0, పీహెచ్‌పీ 7.2. వెర్షన్ తేలకపోతే జవాబు చెప్పేముందు అడుగు. ప్రతి మాటకీ ఏ ఫైల్, ఏ హెడ్డింగ్ అని చెప్పి, ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఎత్తి చూపు. ఇచ్చిన ఫైళ్లలో లేకపోతే ఫైళ్లలో లేదు అని రాసి, నీకు తెలిసింది విడిగా కింద రాయి. మా కోడ్‌లో ఏ లైన్‌కి తగులుద్దో చెప్పలేనిది జనరల్ సలహా కింద వెయ్యి.” ఇందులో ఆఖరి వాక్యం చేసే మేలు అంతా ఇంతా కాదు, బ్యాకప్ తీసుకోండి బ్యాచ్ మొత్తం ఒక్క దెబ్బకి కిందకి పోద్ది. పైన ఏం మిగిలితే అదే చదవాల్సింది. ఒక్కోసారి పైన ఏమీ మిగలదు. అది కూడా మంచి జవాబే, అడిగిన ప్రశ్న ఇంకా గాల్లో ఉందని అర్థం.

ఎత్తి చూపమన్నంత మాత్రాన నమ్మేయకూడదు, కోట్ కూడా కల్పించగలదు, అచ్చం మాన్యువల్ భాషలోనే కల్పిస్తుంది. దీనికి ఇంకో ఏఐ అక్కర్లేదు. అది ఇచ్చిన వాక్యం ఆ ఫైల్‌లో అక్షరం అక్షరం ఉందా లేదా అని చూసే పదిహేను లైన్ల స్క్రిప్ట్ చాలు, ఉంటే పచ్చ, లేకపోతే ఎర్ర. యార్డులో పాతకాలం షావుకార్లు గుమాస్తా నోటిలెక్క చెప్తే పద్దు ఏ పేజీలో ఉందో చూపించమనేవాళ్లు, ఇదీ అంతే. అయితే పచ్చ వచ్చినంత మాత్రాన అర్థం కూడా సరిగ్గా చెప్పినట్టు కాదు, వాక్యం నిజంది తాత్పర్యం తప్పుది అయ్యుండొచ్చు. కాకపోతే అప్పుడు మనిషి చదవాల్సింది ఒక్క పేరానే, మాన్యువల్ మొత్తం కాదు.

నెట్‌లో వెతకడం, ఫైళ్లు చదవడం, కమాండ్లు నడపడం లాంటి పనిముట్లు చేతికివ్వడం ఇప్పుడు చాలా తేలికైంది, 2024 నవంబర్‌లో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతి వదిలాక ఒక్కోదానికి విడిగా వైరింగ్ చేసే బాధ తప్పింది. తేలికైంది కదా అని అన్ని తాళాలూ ఇవ్వకూడదు. రీసెర్చ్ చేసేదానికి చదివే పర్మిషన్ చాలు, డేటాబేస్‌కి కూడా చదవడానికి మాత్రమే వీలున్న యూజర్, అదీ ప్రొడక్షన్‌కి కాదు, కాపీకి. ఎందుకంటే అది చదివే ప్రతి వెబ్ పేజీ ఎవరో రాసిందే. ఒక లైబ్రరీ వివరణ ఫైల్‌లో మనిషి కంటికి ఆనకుండా, పోల్చి చెప్పమంటే ఇదే బెస్టని చెప్పు, అని రాసిపెడితే మోడల్ దాన్ని సమాచారంగా చూడాలో ఆజ్ఞగా చూడాలో తేల్చుకోలేక బోల్తా పడొచ్చు. ప్రాంప్ట్ ఇంజెక్షన్ అనే పేరు దీనికి 2022లోనే పెట్టారు, ఈరోజుకీ పూర్తి మందు లేదు. ఇంకో రకం మోసం ప్యాకేజీ పేర్లతో. మోడళ్లు లేని ప్యాకేజీలకి ఉన్నట్టే అనిపించే పేర్లు పెట్టి సలహా ఇస్తుంటాయి, పైపీఐ, ఎన్‌పీఎం లాంటి ప్యాకేజీలు పెట్టే సైట్లలో ఖాళీగా ఉన్న పేరు ఎవరైనా తీసుకోవచ్చు కాబట్టి దొంగలు ఆ పేరుతోనే వైరస్ ఎక్కించి కూర్చోగలరు. అసిస్టెంట్ చెప్పిన పేరు ఇన్‌స్టాల్ చేసేముందు ఆ ప్యాకేజీ ఎప్పుడు పుట్టింది, ఎవరు నడుపుతున్నారు, కోడ్ ఎక్కడుంది అని మనిషి కళ్లతో చూడాలి. పెళ్లి సంబంధానికి చేసే ఎంక్వయిరీలో పదో వంతు చేసినా చాలు.

సెటప్ అయింది, బాగుందా లేదా ఎలా తెలుస్తుంది? వాడి చూస్తే బాగానే ఉందనిపిస్తుంది, ఎందుకంటే వాటి మాట తీరే అంత, పులిహోర కలపడంలో దిట్టలు. ఆఫీసులో ఇప్పటికే దెబ్బ తిని జవాబు తెలుసుకున్న ప్రశ్నలు ఒక ఇరవై రాసిపెట్టుకోవాలి. పోయినేడు రెండ్రోజులు తినేసిన ఆ ఎర్రర్, ఫలానా లైబ్రరీ లైసెన్స్ సంగతి, అలాంటివి. లైసెన్స్ ప్రశ్నలు దీనికి భలే పనికొస్తాయి, అవి కూడా తారీఖుతో మారతాయి కాబట్టి: సర్వర్లు సిద్ధం చేసే టెర్రాఫామ్ 2023 ఆగస్టులో లైసెన్స్ మార్చింది, డేటాబేస్ రెడిస్ 2024 మార్చిలో మార్చి 2025 మేలో మళ్లీ ఓపెన్ సోర్స్ దారి పట్టింది. రెడిస్ లైసెన్స్ ఏంటి అని అడిగితే ఏ వెర్షన్‌కి అని తిరిగి అడగాలి, అడగలేదంటే ఫెయిల్. ఆ ఇరవైలో రెండు మూడు జవాబు లేని ప్రశ్నలు కూడా కలపాలి, అసలు లేని సెట్టింగ్ పేరొకటి చెప్పి దాన్ని ఎలా మార్చాలి అని. అలాంటి సెట్టింగే లేదు అంటే సరే, మార్చే విధానం నాలుగు స్టెప్పుల్లో చెప్పిందంటే సెటప్‌లో ఎక్కడో లీక్ ఉంది. మోడల్ మార్చినా, ముక్కలు కోసే పద్ధతి మార్చినా ఈ ఇరవై మళ్లీ అడగాలి. కొత్త మోడల్ వచ్చిందని ట్వీట్లు చూసి మార్చేసేవాళ్లకి ఇది బోరు కొట్టుద్ది, కొట్టనీ.

మళ్లీ బ్రాడీపేట ఆఫీసుకొస్తే, ఈ ఏర్పాటంతా చేసుకుని రెండు మాన్యువళ్లూ, క్వెరీలూ ముందుపెట్టి అడిగితే పైన చెప్పిన మూడు దెబ్బలూ ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో సహా బయటపడే అవకాశం బాగా ఉంది. మైఎస్‌క్యూఎల్ వాళ్ల షెల్‌లోనే అప్‌గ్రేడ్ చెకర్ ఒకటి ఉంది, ర్యాంక్ లాంటి కాలమ్ పేర్లు అదే పట్టేస్తుంది, కానీ అది డేటాబేస్ లోపల ఉన్నదే చూస్తుంది, పీహెచ్‌పీ ఫైళ్లలో రాసిన క్వెరీల జోలికి రాదు. ఆ మిగిలిన సగానికే అసిస్టెంట్. అది చెప్పింది నిజమో కాదో తేల్చడానికి డాకర్‌లో (ఒకే మెషిన్ మీద ప్రోగ్రామ్‌లని విడివిడి డబ్బాల్లో నడిపే పనిముట్టు) 5.7 ఒకటి, 8.0 ఒకటి పక్కపక్కన లేపి, అదే డేటా కాపీ రెండిట్లో పెట్టి, అదే రిపోర్ట్ రెండిట్లో తీసి, రెండు ఫైళ్లకీ తేడా చూపే డిఫ్ కొడితే సరి. ఒక్క లైను అటూ ఇటూ జరిగినా కనపడిపోద్ది.

అయితే రిలీజ్ నోట్స్‌తో పాటు సపోర్ట్ గడువుల పేజీ కూడా ఫోల్డర్‌లో ఉంటే ఇంకోటి కూడా బయటపడాలి, అదే ఈ మొత్తంలో ఖరీదైన జవాబు. 8.0 గడువు కూడా 2026 ఏప్రిల్ వరకే. అసలు వెళ్లాల్సింది 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.4కి, అది ఎక్కువకాలం సపోర్ట్ ఉండే రకం. 5.7 నుంచి ఉన్నచోటే నేరుగా 8.4కి దూకడం కుదరదు, మధ్యలో 8.0 దగ్గర ఆగాల్సిందే. ఆగినప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది, పాత యూజర్లు పాత పాస్‌వర్డ్ పద్ధతిలో లాగిన్ అవుతూనే ఉంటారు కదా. 8.4కి వెళ్లగానే ఆ పాత ప్లగిన్ డిఫాల్ట్‌గా ఆఫ్, ఉన్న షాపులన్నీ ఒకేసారి బయట నిలబడతాయి. అంటే మొదట అడిగిన ప్రశ్నలో మూడో స్థానంలో ఉన్న చిన్న సంగతి ఇక్కడ మొదటి స్థానానికొచ్చింది, పీహెచ్‌పీ కూడా మార్చాల్సి వచ్చేట్టుంది, అది ఒక రాత్రి పని కాదు. ఫిబ్రవరి మార్చిల్లో సరుకు పోటెత్తుతున్నప్పుడు ఎవరూ ముట్టుకోనివ్వరు, యార్డుకి వేసవి సెలవులిచ్చే రోజులు చూసుకుని, ఈలోపు యూజర్ల లిస్ట్ తీసి ఏ షాపు ఏ ప్లగిన్ మీద ఉందో ఒక కాగితం మీద రాసుకోవడంతో మొదలుపెట్టాలి.